కేన్సరు గణాంకాలు: లెక్కకు వచ్చినవారు, రానివారు

మిజోరం రాజధాని ఐజ్వాల్ ఉన్న జిల్లాలో లక్షమంది పురుషులకు ఏటా 269.4 మంది చొప్పున కొత్తగా కేన్సరు వ్యాధికి గురి అవుతున్నట్లు 2020లో వెలువడిన జాతీయ నివేదిక పేర్కొన్నది. అదే నివేదికలో మహారాష్ట్రకు చెందిన ఉస్మానాబాద్, బీడ్ జిల్లాల పురుషులకు ఇవ్వబడిన సంఖ్య 39.5 మాత్రమే. దేశం ఒకటే, నివేదిక ఒకటే, లెక్క కట్టిన పద్ధతీ ఒకటే. అయినను ఒకచోటి సంఖ్య మరొకచోటి సంఖ్యకు దాదాపు ఏడు రెట్లు ఉన్నది. స్త్రీల విషయంలోను ఇట్టి అంతరమే కానవస్తున్నది. అరుణాచల ప్రదేశ్‌లోని పాపుంపారె జిల్లాలో 219.8, ఉస్మానాబాద్, బీడ్ జిల్లాలలో 49.4. ఈ అంకెలను చూచిన పాఠకునికి సహజంగా రెండు సందేహాలు కలుగుతాయి. మరాఠ్వాడా గ్రామీణుడు ఐజ్వాల్ వాసికంటె నిజంగా అంత ఆరోగ్యవంతుడా? లేక అతని వ్యాధి ఎవరి లెక్కకూ అందకుండ అతనితోపాటే అంతరించిపోతున్నదా?

ఈ సందేహాలు కేవలం గణితశాస్త్రజ్ఞులకు సంబంధించినవి కావు. ఏ జిల్లాలో రేడియేషన్ చికిత్సా యంత్రాన్ని నెలకొల్పాలి, ఏ ప్రాంతపు స్త్రీలకు ముందుగా పరీక్షలు జరపాలి, నొప్పినివారక ఔషధాలు ఎక్కడికి ఎంత పంపాలి అన్న నిర్ణయాలన్నీ ఈ అంకెలపైననే ఆధారపడి ఉంటాయి. లెక్కలో లేని రోగికి ప్రణాళికలోను చోటు దొరకదు.

మన పెద్దలు రాచపుండు అని వ్యవహరించిన ఈ వ్యాధిని లెక్కించే పని రెండు విధాలుగా సాగుతున్నది. మొదటిది ఆసుపత్రి ఆధారిత నమోదు. ఒక ఆసుపత్రికి వచ్చిన రోగులందరి వివరాలను అక్కడనే వ్రాసి ఉంచుతారు. ఏ అవయవానికి వ్యాధి సోకినది, ఏ దశలో వచ్చినారు, ఏ చికిత్స జరిగినది, ఫలితమేమి అన్న విషయాలు దీనివలన చక్కగా తెలుస్తాయి. అయితే ఒక ప్రాంత ప్రజలలో వ్యాధి ఎంత ఉన్నదో ఈ పద్ధతి చెప్పజాలదు. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కేన్సరు ఆసుపత్రికి తెలంగాణ జిల్లాల నుండియే కాక ఇరుగుపొరుగు రాష్ట్రాల నుండియు రోగులు వస్తారు. వారి సంఖ్యను ఏ జనాభాతో భాగించాలి? భాజకం తెలియని భాగహారం అది. ఒక ఆసుపత్రిలో నోటి కేన్సరు రోగులు అధికంగా కనిపిస్తే ఆ ప్రాంతంలో ఆ వ్యాధి అధికమని అర్థం కావచ్చును. అక్కడ ఆ శస్త్రచికిత్సలో పేరుపొందిన వైద్యుడు ఉన్నాడనియు అర్థం కావచ్చును.

రెండవది జన ఆధారిత నమోదు. ముందుగా ఒక భౌగోళిక ప్రాంతానికి ఎల్లలు గీస్తారు. ఆ ఎల్లల లోపల కనీసం ఒక సంవత్సరంగా నివసిస్తున్నవారిలో ఎవరికి కేన్సరు వచ్చినను, వారు ఎక్కడ చికిత్స పొందినను, ఆ పేరు లెక్కలో చేరవలె. ఇతర ప్రాంతాల నుండి చికిత్సకై వచ్చినవారు ఎందరున్నను చేరరాదు. మన దేశంలో ఇట్టి కేంద్రం మొట్టమొదట 1963లో బొంబాయి నగరంలో, ఇండియన్ కేన్సర్ సొసైటీ ఆధ్వర్యవంలో, డాక్టర్ డి.జె. జుస్సావాలా చొరవతో ఏర్పడినది. అనంతరం భారత వైద్య పరిశోధన మండలి జాతీయ కేన్సరు నమోదు కార్యక్రమాన్ని చేపట్టగా, 1982 జనవరి 1 నుండి బెంగళూరు, బొంబాయి, మద్రాసు నగరాలలో జన ఆధారిత నమోదు, చండీగఢ్, డిబ్రూగఢ్, తిరువనంతపురాలలో ఆసుపత్రి ఆధారిత నమోదు ఈ కార్యక్రమం క్రింద ఆరంభమైనవి. 1984 డిసెంబరు నాటి గ్యాసు దుర్ఘటన తరువాత, ఆ విషవాయువు ప్రభావం దీర్ఘకాలంలో ఎట్లుండునో గమనించే ఉద్దేశంతో భోపాలు నగరం ఇందులో చేర్చబడినది. ఈశాన్య రాష్ట్రాలలో నమోదు 2003 నుండి విస్తరించినది. ఈ అన్ని కేంద్రాల లెక్కలు నేడు బెంగళూరులోని వ్యాధి సమాచార, పరిశోధనల జాతీయ కేంద్రానికి చేరుతున్నవి.

నమోదు అన్న మాట వినుటకు గుమాస్తా పనివలె తోచవచ్చును. కాని ఆచరణలో అది గూఢచారి పనికి దగ్గరగా ఉంటుంది. ఐరోపాలోని డెన్మార్క్ వంటి చిన్న దేశంలో 1942 నుండియే జాతీయ నమోదు ఉన్నది. అక్కడ వైద్యులే వివరాలు పంపుతారు. మన దేశమంతటికీ వర్తించే విధంగా కేన్సరును తప్పనిసరిగా తెలియజేయవలసిన వ్యాధిగా ప్రకటించడం జరుగలేదు. కొన్ని రాష్ట్రాలు మాత్రం తమంతట తాము అట్టి ఉత్తర్వులు ఇచ్చినవి. అందువలన నమోదు కేంద్రపు కార్యకర్త తానే ఆసుపత్రులకు, రోగ నిర్ధారణ ప్రయోగశాలలకు, జనన మరణాల కార్యాలయాలకు తిరిగి, కాగితాలు తిరగవేసి, పేర్లు ఏరుకొనవలసి వస్తున్నది. ఏరిన పేర్లలో ఒకే మనిషి రెండు మూడు మారులు కనిపించడం పరిపాటి. స్వగ్రామం నుండి తాలూకా వైద్యుని వద్దకు, అచటి నుండి జిల్లా ఆసుపత్రికి, తుదకు రాజధానిలోని పెద్ద ఆసుపత్రికి వెళ్ళిన రోగి మూడు చోట్ల మూడు చీటీలు వదలి వస్తాడు. తెలుగు స్త్రీ విషయంలో చిక్కు మరింత ఎక్కువ. ఒక చీటీలో లక్ష్మమ్మ, మరొక దానిలో ఇంటిపేరు మొదటి అక్షరంతో లక్ష్మి, ఇంకొక దానిలో భర్త పేరు చివర తగిలించిన శ్రీమతి. వయస్సు ఒకచోట 45, మరొకచోట 50. ఈ ముగ్గురూ ఒక్కరేనని తేల్చకపోతే సంఖ్య అకారణంగా పెరుగుతుంది. ఒకే పేరుగల ఇద్దరు వేర్వేరు స్త్రీలను ఒకరుగా భావిస్తే తరుగుతుంది.

ఇట్లా శ్రమించి సంఖ్య తేల్చిన పిమ్మటను ఒక ప్రాంతాన్ని మరొక ప్రాంతంతో వెంటనే పోల్చరాదు. కేన్సరు ప్రధానంగా వయస్సుతోపాటు పెరిగే వ్యాధి. ఉదాహరణకు లక్ష చొప్పున జనాభా గల రెండు పట్టణాలను ఊహించుకొందము. రెండింటిలోను వృద్ధులలో వేయికి నలుగురికి, తక్కినవారిలో పదివేలకు నలుగురికి ఏటా ఈ వ్యాధి వస్తున్నదనుకొందము. అనగా వ్యాధి వచ్చే అవకాశంలో రెండు పట్టణాలకు రవ్వంతయు భేదం లేదు. మొదటి పట్టణంలో వృద్ధులు 15,000 మంది. కనుక వారిలో 60 మంది, తక్కిన 85,000 మందిలో 34 మంది, మొత్తం 94 మంది రోగులు. రెండవ పట్టణంలో వృద్ధులు 5,000 మందియే. వారిలో 20 మంది, తక్కిన 95,000 మందిలో 38 మంది, మొత్తం 58. ఒకచోట 94, మరొకచోట 58! వ్యత్యాసానికి కారణం వ్యాధి కాదు, ఆయుర్దాయం. ఈ 94, 58 వంటి వాటిని స్థూల రేట్లు అంటారు. ఆసుపత్రిలో ఎన్ని మంచాలు వేయాలో నిర్ణయించడానికి ఇవే ప్రయోజనకరం. కాని ఒక ప్రాంతపు జనానికి ముప్పు ఎక్కువా తక్కువా అని తెలియవలెనంటే ప్రతి ప్రాంతపు వయోవర్గాల రేట్లను ఒకే ప్రామాణిక జనాభాకు అన్వయించి చూడవలె. అట్లా లభించేది వయస్సు సవరించిన రేటు. 2011 జనగణన ప్రకారం దేశంలో 60 ఏండ్లు పైబడినవారు నూటికి 8.6 మంది కాగా కేరళలో 12.6 మంది. కేరళ జిల్లాల స్థూల రేట్లు ఎక్కువగా కనిపించడానికి ఇది ఒక ముఖ్య కారణం. పత్రికలలో ఈ రెండు రేట్లను కలగాపులగం చేయడం తరచుగా చూస్తుంటాము.

ఆరంభంలో పేర్కొన్న 269.4, 39.5 వయస్సు సవరించిన రేట్లే. అనగా వృద్ధుల సంఖ్యలోని తేడా ఇందులో తొలగింపబడినది. అయినను అగాధం పూడలేదు. ఇక మిగిలినవి రెండు కారణాలు. ఒకటి జీవన విధానం, రెండవది లెక్కింపు.

జీవన విధానం విషయంలో ఐజ్వాల్ సంఖ్య చాలవరకు యథార్థమనే చెప్పవలె. మిజోరంలో పొగాకు వాడుక అత్యధికం. మైజియోల్ అనే స్థానికపు చుట్టను త్రాగుతారు. తుయిబుర్ అనే మరొక పదార్థమును వాడుకలో ఉన్నది. పొగాకు పొగను నీటిలోనికి పంపి, ఆ పొగ నింపుకొన్న నీటిని నోట పుక్కిలించడం అచటి వాడుక. పొగలో ఎండబెట్టిన మాంసమూ ఆహారంలో భాగమే. జీర్ణకోశపు కేన్సరు అచట ఇంత విరివిగా ఉండుటకు ఈ అలవాట్లతో సంబంధం ఉన్నదని అక్కడి రోగులను, ఆరోగ్యవంతులను పోల్చి చూచిన పరిశోధకులు తేల్చినారు. పొరుగున మేఘాలయలోని తూర్పు ఖాసీ కొండలలో పురుషులకు అన్నవాహిక కేన్సరు ఒక్కటే లక్షకు 75.4 చొప్పున ఉన్నది. ఉస్మానాబాద్, బీడ్ పురుషులకు అన్ని అవయవాల కేన్సర్లూ కలిపిన సంఖ్యకన్న అది అధికం!

ఒక ప్రాంతపు అలవాటు అక్కడి శరీరంపై తన ముద్ర వేస్తుందన్న సంగతి మన దేశంలో చాలాకాలంగా తెలిసినదే. కాశ్మీరులో చలికాలం కాంగ్‌డీ అనే నిప్పుల కుండను పైవస్త్రం లోపల పొట్టకు ఆనించుకొని తిరిగేవారి పొట్టపైన, తొడలపైన పుట్టే చర్మపు కేన్సరును డాక్టర్ ఎల్మ్‌స్లీ 1866లోనే వర్ణించినాడు. 1945లో డాక్టర్ వి.ఆర్. ఖానోల్కర్, సూర్యాబాయితో కలిసి ప్రకటించిన వ్యాసంలో భారతీయుల అలవాట్లతో ముడిపడిన మూడు కొత్త రకాల కేన్సర్లను ప్రపంచానికి పరిచయం చేసినారు. అందులో ఒకటి తెలుగువారిది. విశాఖ, శ్రీకాకుళం తీరగ్రామాలలో, ముఖ్యంగా స్త్రీలలో, చుట్ట నిప్పు గల కొనను నోటిలోపల ఉంచుకొని పీల్చే అలవాటు ఉన్నది. దానిని అడ్డపొగ అంటారు. పనిపాటల నడుమ చుట్ట ఆరిపోదనియు, ఎక్కువసేపు వస్తుందనియు దానికి చెప్పే సమర్థనలు. నోటిలోని వేడికి అంగిలి కమిలి, తెల్లబారి, కొందరిలో కేన్సరుగా మారుతుంది. ఇతర దేశాలలో అత్యంత అరుదైన గట్టి అంగిలి కేన్సరు ఇచట సాధారణం కావడానికి ఇదే హేతువు. ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామీణుల నోళ్ళను పరీక్షించి పిండ్‌బోర్గ్ ప్రభృతులు వెలువరించిన 1971 నాటి నివేదిక నేటికీ ఈ విషయంలో ప్రామాణికంగా పరిగణింపబడుతున్నది.

బొంబాయి నమోదు కేంద్రం తొలినాళ్ళలో చేసిన మరొక పరిశీలన ఇక్కడ ప్రస్తావించదగినది. ఒకే నగరంలో, ఒకే గాలి పీల్చుతూ నివసించే పారసీకులకు, ఇతరులకు కేన్సరు తీరులో పెద్ద భేదం ఉన్నట్లు డాక్టర్ జుస్సావాలా బృందం చూపినది. అగ్నిని పవిత్రంగా భావించే పారసీకులలో పొగ త్రాగడం తక్కువ. పొగాకువలన వచ్చే కేన్సర్లూ తక్కువ. కాని ఆలస్యంగా వివాహం, స్వల్ప సంతానం గల ఆ సమాజపు స్త్రీలలో రొమ్ము కేన్సరు ఇతరులకంటె ఎక్కువ. నగరం మొత్తానికి ఒకే సగటు కట్టి ఉంటే ఈ రెండు సంగతులూ మరుగున పడి ఉండేవి.

ఇక ఉస్మానాబాద్ వైపునకు మరలుదము. ఆ జిల్లా పేరు 2023లో ధారాశివ్‌గా మారినది. 39.5 అన్న స్వల్ప సంఖ్య ఆరోగ్య చిహ్నమా, లెక్కింపు లోపమా? అదృష్టవశాత్తు ఈ ప్రశ్నకు సమాధానం వెదకుటకు అదే ప్రాంతంలో ఒక విలువైన సాధనం ఉన్నది. షోలాపూర్ జిల్లాలోని బార్శీ, దానికి ఆనుకొని ఉన్న పరాండా, భూమ్ తాలూకాలలోని 346 గ్రామాలకై 1987లో ఒక గ్రామీణ కేన్సరు నమోదు కేంద్రం వెలసినది. ఈ దేశంలో మొదటి గ్రామీణ కేంద్రం ఇదియే. దాని రూపకల్పన డాక్టర్ కస్తూరి జయంత్ చేసినారు; బార్శీలోని నర్గీస్ దత్ స్మారక కేన్సరు ఆసుపత్రి దానికి ఆధారపీఠమైనది.

నగరాలలో అనుసరించిన పద్ధతి బార్శీలో పనిచేయదని నిర్వాహకులు ముందుగానే గ్రహించినారు. నగరంలో రోగి ఎట్లయినను ఏదో ఒక ఆసుపత్రి గడప త్రొక్కుతాడు. అచట అతని పేరు దొరుకుతుంది. పల్లెలో ఆ గడప త్రొక్కకుండనే మరణించేవారు అనేకులు. స్త్రీకి అకారణ రక్తస్రావం అవుతున్నా అది వయసు మళ్ళినప్పటి సహజ బాధయని ఊరకుంటారు. నోటిలోని పుండుకు నాటుమందు వేసికొంటారు. కాగితాల వద్దకు వెళ్ళి లాభం లేదు గనుక కార్యకర్తలు మనుషుల వద్దకే వెళ్ళినారు. క్రమం తప్పకుండ ఒక్కొక్క గ్రామానికి పోయి, ఊరివారిని సమావేశపరచి, కేన్సరు అనుమానించదగిన లక్షణాలేవో విడమరచి చెప్పి, అట్టి బాధ గలవారు ఎవరైన ఉన్నారా అని విచారించేవారు. ఉన్నట్లు తెలిసినచో వారిని నచ్చజెప్పి ఆసుపత్రికి తీసికొనిపోయి పరీక్ష చేయించేవారు. వ్యాధి తేలిన పిమ్మటనే పేరు పుస్తకంలోకి ఎక్కేది. మరణించినవారి సంగతియు ఇంటికి పోయి కనుగొనేవారు.

ఇంతగా గాలించినను బార్శీలో తేలిన రేటు ముంబయి రేటుకన్న చాలా తక్కువగానే ఉన్నది. ఇది చాలా ముఖ్యమైన విషయం. పల్లెలలో కేన్సరు తక్కువగా కనిపించడం కేవలం లెక్క తప్పిపోవడంవలన మాత్రమే కాదని, ఆ తక్కువతనంలో గణనీయమైన భాగం వాస్తవమేనని దీనివలన రుజువైనది. అయితే అన్ని కేన్సర్లూ తక్కువ కాదు. స్త్రీలలో గర్భాశయ ముఖద్వారపు కేన్సరు ఆ గ్రామాలలో ప్రథమస్థానం వహించినది. మొత్తపు సంఖ్యను మాత్రమే చూచి ఆ ప్రాంతం సురక్షితమని తలచినవారికి ఈ సంగతి కనిపించి ఉండేది కాదు.

బార్శీ కేంద్రం మరొక విశేషాన్ని బయటపెట్టినది. దానిని లెక్కల నిమిత్తమే స్థాపించినారు. చికిత్సా కార్యక్రమంగా కాదు. అయినను కొన్నియేండ్లు గడిచేసరికి, ఆ గ్రామాల నుండి వచ్చే గర్భాశయ ముఖద్వారపు కేన్సరు రోగులలో తొలి దశలోనే వచ్చేవారి నిష్పత్తి పెరిగినట్లు 1995లో ప్రకటింపబడిన అధ్యయనం చూపినది. లక్షణాలేవో తెలిసికొన్న స్త్రీలు ముందుగా రావడం మొదలిడినారు. లెక్కించేవారి రాకపోకలే వైద్యసేవగా పరిణమించినవన్నమాట. సమాచార సేకరణకు వెచ్చించే ధనం చికిత్సకు వెచ్చించినచో మేలు కదా అని వాదించేవారు ఈ ఉదాహరణను గమనింపవలసి ఉన్నది.

బార్శీలో వేసిన ఈ పునాదిపైననే ఉస్మానాబాద్ జిల్లాలో ఒక బృహత్ పరిశోధన సాగినది. డాక్టర్ శంకరనారాయణన్ నాయకత్వాన, 30 నుండి 59 ఏండ్ల వయస్సు గల 1,31,746 మంది స్త్రీలను వారి గ్రామాల వారీగా 52 సమూహాలుగా విభజించినారు. కొన్ని సమూహాలకు ఈ వ్యాధికి మూలమైన హెచ్.పి.వి. వైరస్ ఉన్నదీ లేనిదీ తెలిపే పరీక్ష జీవితంలో ఒక్కమారు చేసినారు. కొన్నింటికి వేరే రెండు రకాల పరీక్షలు. మరికొన్నింటికి అప్పటికి వాడుకలో ఉన్న సాధారణ వైద్య సదుపాయాలే. ఎనిమిదేండ్ల అనంతరం 2009లో ఫలితాలు వెల్లడి అయినవి. వైరస్ పరీక్ష జరిగిన వర్గంలో ఈ కేన్సరుతో మరణించినవారు 34 మంది. ఏ ప్రత్యేక పరీక్షకును నోచుకోని వర్గంలో 64 మంది. ఒకే ఒక్క పరీక్ష మరణాలను దాదాపు సగానికి తగ్గించినది. పరీక్ష జరుపని వర్గాన్ని అట్లే ఉంచుట న్యాయమా అని తరువాత కొందరు వైద్యులు ప్రశ్నించినారు. అది కొట్టివేయదగిన ప్రశ్న కాదు. అయితే 34, 64 అన్న ఆ రెండు అంకెలను నమ్మకంగా చెప్పగలుగుటకు కారణం, ప్రతి గ్రామంలోను ప్రతి రోగినీ, ప్రతి మరణాన్నీ వెంబడించి నమోదు చేయగల వ్యవస్థ అప్పటికే అచట ఉండడం.

మరణాల విషయం ఇంతటా ఇట్లా లేదు. జనన మరణాల నమోదు చట్టం 1969లోనే వచ్చినప్పటికిని, మరణకారణాన్ని వైద్యుడు ధ్రువీకరించిన మరణాలు 2020లో నమోదైన మొత్తం మరణాలలో 22.5 శాతం మాత్రమే. తక్కినవారు ఏ వ్యాధితో పోయినారో ప్రభుత్వ కాగితాలు చెప్పలేవు. గుండె ఆగి మరణం అని వ్రాసిన పత్రాలును ఎన్నో. ఏ వ్యాధితోనైనను తుదకు ఆగేది గుండెయే గదా! అందుచేత నమోదు కేంద్రాలవారు తమ లెక్కలను తామే కొన్ని గీటురాళ్ళపై పరీక్షించుకొంటారు. కొత్త రోగుల సంఖ్యతో మరణాల సంఖ్యను పోల్చడం అందులో ఒకటి. చికిత్సా సదుపాయాలు అంతంతమాత్రంగా ఉన్న ప్రాంతంలో మరణాలు అతి స్వల్పంగా కనిపిస్తే అది సంతోషించవలసిన విషయం కాదు, మరణాలు లెక్కకు రాలేదనుటకు సూచన. సూక్ష్మదర్శినితో కణజాలం పరీక్షించి రోగం నిర్ధారించిన వారి శాతం మరొక గీటురాయి. ఇది ఎంత ఎక్కువైతే అంత మంచిదని తోస్తుంది. కాని నూటికి నూరు ఉన్నచో నిపుణులు కనుబొమ్మలు ముడుస్తారు. ముక్క తీసి పరీక్షించుటకు వీలుకాని దశలో వచ్చినవారు, అసలు ప్రయోగశాల దాకా రానివారు ఎక్కడికి పోయినారు? అట్టివారిని వదలివేసిన లెక్క మాత్రమే అంత నిర్దుష్టంగా కనిపించగలదు.

పత్రికలలో మనము చదివే జాతీయ సంఖ్య ఈ కేంద్రాల అంకెల నుండి పుట్టినదే. 2020 సంవత్సరానికి దేశంలో 13.9 లక్షల కొత్త రోగులనియు, 2025 నాటికి 15.7 లక్షలనియు ఆ నివేదిక చెప్పినది. వీరిని ఎవరూ ఒక్కొక్కరిగా లెక్కించలేదు. నాటి 28 జన ఆధారిత కేంద్రాలు దేశ జనాభాలో సుమారు పదవ వంతుకు మాత్రమే వర్తించేవి. వాటి రేట్లను ఆయా ప్రాంతాలకు అన్వయించి, జనగణన ఆధారంగా ఊహించిన జనాభాతో హెచ్చించగా వచ్చిన అంచనా అది. అంచనా అన్నంత మాత్రాన నిరుపయోగం కాదు. అందులో పొగాకు సంబంధమైన కేన్సర్లు 27.1 శాతమన్న ఒక్క సంగతి చాలు, ఏ దిక్కునకు అడుగు వేయాలో చెప్పుటకు. అయితే సంఖ్య పెరిగినదన్నంతనే ముప్పు అంతగా పెరిగినదని భావించరాదు. జనాభా పెరుగుదల, ఆయుర్దాయం పెరుగుదల, రోగ నిర్ధారణ సౌకర్యాల పెరుగుదల ఈ మూడును అందులో కలిసియుంటాయి. 1980 దశకంలో మద్రాసు, బెంగళూరు స్త్రీలలో ప్రథమస్థానంలో ఉన్న గర్భాశయ ముఖద్వారపు కేన్సరు ఆ తరువాత క్రమంగా తగ్గుతూ వచ్చి రొమ్ము కేన్సరుకు ఆ స్థానం వదలినది. మొత్తం పెరుగుతున్నప్పుడును లోపల తగ్గుదల ఉండవచ్చును.

2025లో ప్రకటింపబడిన మరొక విశ్లేషణలో కేంద్రాల సంఖ్య 43కు పెరిగినది. 2015 నుండి 2019 వరకు ఆ కేంద్రాలలో నమోదైన కొత్త రోగులు 7,08,223 మంది, మరణాలు 2,06,457. రోగులలో స్త్రీలు 51.1 శాతం కాగా, మరణించినవారిలో వారు 45 శాతమే. స్త్రీలకు ఎక్కువగా వచ్చే రొమ్ము, గర్భాశయ ముఖద్వారపు కేన్సర్లు తొలిదశలో గుర్తింపదగినవి, చికిత్సకు లొంగేవి కావడం, పురుషులను పీడించే ఊపిరితిత్తుల, జీర్ణకోశపు కేన్సర్లు అట్టివి కాకపోవడం ఇందుకు ముఖ్య హేతువు.

2020 నివేదికలోని 28 కేంద్రాల పట్టికలో తెలుగునాటికి దక్కిన చోటు ఒక్కటే: హైదరాబాదు జిల్లా. అక్కడి స్త్రీలలో రొమ్ము కేన్సరు రేటు లక్షకు 48.0. చెన్నై 42.2, బెంగళూరు 40.5, ఢిల్లీ 38.6 దాని తరువాతివే. మహానగర జీవితం, ఆలస్యపు కాన్పులు, స్వల్ప సంతానం, స్థూలకాయం ఇందుకు చెప్పదగిన కారణాలు. పరీక్షా సదుపాయాలు చేరువలో ఉండడంచేత వ్యాధి బయటపడడమూ ఒక కారణం కావచ్చును. అయితే ఈ 48.0 హైదరాబాదు జిల్లాకు చెందిన సంఖ్య. దానిని తెలంగాణకంతకు, అంతకుమించి తెలుగు స్త్రీలందరకు అన్వయించుట, ముంబయి రేటును బార్శీకి అంటగట్టినట్లే అవుతుంది. ఆదిలాబాదు గూడెంలోని స్త్రీకి ముప్పు రొమ్ము కేన్సరో, గర్భాశయ ముఖద్వారపు కేన్సరో ఆ సంఖ్య చెప్పదు.

ఆ పట్టికలో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన కేంద్రం ఒక్కటియు లేదు. అడ్డపొగవలన అంగిలికి వచ్చే కేన్సరును ప్రపంచ వైద్య గ్రంథాలకు ఎక్కించిన శ్రీకాకుళం తీరం అందులో కానరాదు. 1970 దశకం చివర ఎర్నాకుళం, భావనగర్ జిల్లాలతోపాటు ఆ జిల్లా గ్రామాలలోను పొగాకు వాడే వేలాది మందికి ఇంటింటా బోధచేసి, ఏటేటా వారి నోళ్ళు పరీక్షించిన కార్యక్రమం ఒకటి జరిగినది. మూడు జిల్లాలు కలిపి అందులో పాల్గొన్నవారు దాదాపు 36,000 మంది. బోధ పొందినవారిలో అలవాటు మానినవారు, తగ్గించినవారు ఎక్కువయినారని 1986లో ఫలితాలు ప్రకటించినారు. ఆనాడు పరీక్షింపబడిన స్త్రీల మనుమరాండ్రు నేడు నడివయస్సులో ఉంటారు. వారిలో ఎందరు చుట్ట మానినారు, ఎందరి అంగిట తెల్లమచ్చ ఉన్నది, ఎందరు విశాఖపట్టణం దాకా వచ్చినారు, ఎందరు రాలేదు అన్నది 2020 నివేదిక పుటలలో వెదకినను దొరకదు.